తిన్నాడనే రాసుకో

ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఎవరన్నారో గానీ, నా విషయంలో అది సగంతో ఆగలేదు. మా వదినె బయమ్మ నాకు పూర్తి మొగుడే. మా ఆయన ఓబుళేసుకు అక్క. 1987లో భర్త పోయి, అనంతపురం జిల్లా యాడికి దగ్గర మా ఊరికి, మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన రోజే వంటింట్లో ఉప్పు డబ్బా చోటు మార్చింది. మరుసటి రోజు నేను మళ్ళీ దాన్ని పాత చోటనే పెట్టాను. ఆ డబ్బా ఇప్పటికీ ఒక చోట కుదురుగా లేదు.

మా ఆయనకు సుగరు వచ్చినప్పుడు అది నా వంట వల్లనే అని ఆమె ఊరంతా చెప్పింది. చిన్నప్పుడు బెల్లం ముద్దలు పెట్టి పెంచింది ఈమె కాబట్టి ఈమె వల్లనే అని నేను చెప్పాను. నాది అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం గనుక నా మాట నాలుగు వీధులు ఎక్కువే తిరిగింది.

2003లో, వరుసగా మూడో ఏడు వానలు ఎగ్గొట్టినప్పుడు, మా ఆయన చేను గట్టున కంప కొడుతూ ముల్లు తొక్కాడు. అది చెప్పును దాటి బొటనవేలి కింద దిగి, విరిగి, లోపలే ఉండిపోయింది. ఆయనకు తెలియలేదు. తొమ్మిదేళ్ళ సుగరు అరికాళ్ళను మొద్దు చేసిందని మాకెవరికీ తెలియదు. వాసన వచ్చిన రోజు నేను చూశాను. ఆసుపత్రికి పోదామని నేనంటే, పసుపు కట్టు కడితే పోతుందని వదినె. వారం రోజులు కట్టు కట్టింది. వారం తర్వాత కట్టు విప్పితే వేలు నల్లగా ఉంది.

అనంతపురంలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేర్చాం. మగవాళ్ళ వార్డు, పద్నాలుగో నంబరు మంచం. డాక్టరు దివాకర్ సారు కాలు చూసి, నా వైపు తిరిగి, మెత్తగా చెప్పడం ఆయనకు చేతకాదన్నట్టు చెప్పాడు.

"వేలు పోయిందమ్మా. దాన్ని తీసెయ్యాల. కానీ సుగరు నాలుగు వందలుండాది. ఈ సుగర్లో కోస్తే పుండు మానదు. రెండు వందల కిందికి దిగితే వేలుతో పోతాది. దిగకుండా నానితే చీము పైకి పాకుతాది. అప్పుడు పాదం. ఆ తర్వాత మోకాలు."

మాది ఆరెకరాల మెట్ట. మడక దున్నాలన్నా కాలే కావాలి, విత్తనం వేయాలన్నా కాలే కావాలి. పాదం లేని మనిషి ఆ గట్ల మీద ఎట్లా నడుస్తాడు? ఆ రోజు నుంచి నాకు కావాల్సింది ఒక్కటే, రెండు వందల కింద ఒక అంకె.

ఆసుపత్రిలో రోగి దగ్గర ఉండడానికి ఒక్కరికే పాసు. రెండు రోజులు నేను, రెండు రోజులు ఆమె అని మా ఆయనే పంచాడు. సాయంత్రం నాలుగింటికి మార్పు. పాసు ఆమె చేతికి ఇవ్వడం ఇష్టం లేక నేను దాన్ని గేటు దగ్గర వాచ్‌మన్ ఈరన్నకు ఇచ్చేదాన్ని. ఆయన ఆమెకు ఇచ్చేవాడు. ఆమె కూడా అట్లాగే చేసేది. నాలుగో మార్పుకు ఈరన్నకు విసుగొచ్చింది.

"ఏమప్పా మీ ఇద్దరూ, నేనేమన్నా మీ ఇంటి గడపనా?" అన్నాడు.

మంచం కాళ్ళ వైపు ఒక అట్టకు చార్టు తగిలించి ఉండేది. నర్సు సమీనా రోజుకు మూడు సార్లు చేతి వేలు పొడిచి, చిన్న మిషన్లో నెత్తురు చుక్క పెట్టి, వచ్చిన అంకె అందులో రాసేది. పొద్దున ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి ఇన్సులిన్ సూది వేసేది. సూది వేసిన అరగంటలో తిండి పెట్టాలి. పెట్టామా లేదా అని ఆ పిల్ల మళ్ళీ వచ్చి అడిగి, అది కూడా రాసుకునేది. అంకె రెండు వందల యాభై దాటితే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది.

ఆ చార్టు నాకు చుట్టం లాంటిది. అప్పటికి ఇరవై ఏళ్ళుగా పిల్లల బరువులు తూచి రిజిస్టర్లు రాస్తున్నాను. సూపర్వైజరు వచ్చే ముందు రోజు ఏ పిల్లకు అరకిలో కలపాలో, రాని పిల్లలను ఎట్లా వచ్చి తిన్నట్టు రాయాలో నాకు తెలుసు. అది తప్పని కూడా తెలుసు. కానీ అంకె బాగుంటే అందరూ నెమ్మదిగా ఉంటారు, ఆ సంగతి ఇంకా బాగా తెలుసు. వదినెకు చదువు రాదు. అయితే ఎర్ర సున్నా అంటే ఏమిటో ఆమెకూ తొందరగానే అర్థమైంది.

మొదటి రెండు రోజులు నావి. 286, 264, 258, ఇట్లా వచ్చాయి. తర్వాత ఆమె రెండు రోజులు 332, 348. అన్నీ ఎర్రగానే ఉన్నాయి గానీ, ఆమెవి ఇంకా ఎర్రగా కనిపించాయి నాకు. ఐదో రోజు నేను మంచం దులుపుతుంటే దిండు కింద నుంచి చీమలు బారుగా వచ్చాయి. దిండు ఎత్తితే బెల్లం పాకం అంటిన వేరుశనగ పప్పు సగం. మా వదినె చేసే చెనిక్కాయ ఉండలు మా ఊర్లో పేరు మోసినవి. వాసన చూసి చెప్పగలను.

ఆ ముక్కను కాగితంలో పొట్లం కట్టి దాచి, మళ్ళీ ఆమె వంతు వచ్చేదాకా ఆగాను. డాక్టరు రౌండుకు వచ్చే పొద్దు నేను ఊరికి పోకుండా ఉండిపోయి, అందరి ముందూ పొట్లం విప్పాను. నాకు ఆ క్షణం ఎంత హాయిగా ఉందో దాచుకోను. పండగలా ఉంది.

దివాకర్ సారు వార్డంతా వినేటట్టు కేకలేశాడు. "ఏమవ్వా, నీ తమ్ముని కాలు నువ్వే కోస్తాండావు, తెలుసునా?"

వదినె తల వంచలేదు. "ఈడ మూడు పూటలా పప్పే పెడతాండారు. పుండు మీద పప్పు తింటే చీము పడతాదని పసిబిడ్డకు కూడా తెలుసు. పప్పు తినొద్దన్న్యా. అట్లని మనిషిని పస్తు పెట్టాల్నా సార్? వాడు నా చేతుల్లో పెరిగినోడు."

"ఆస్పత్రి తిండి తప్ప ఇంకేమీ పెట్టొద్దు. ఉండలు గిండలు బంద్," అన్నాడాయన.

"నేనేం పెట్టలేదు. తిరుమల ఎంకన్న సాక్షి," అంది వదినె, పొట్లం అందరి ముందూ విప్పే ఉండగానే.

గేటు దగ్గర ఈరన్నను మధ్యన పెట్టి మేం మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవడం అంటే, నేను ఈరన్నకు చెప్తే ఆమె ఈరన్నకు చెప్పింది.

"ఈరన్నా, తమ్ముని మీద ప్రేమ అంటే నోట్లో బెల్లం కుక్కడం కాదని చెప్పు."

"ఈరన్నా, ఆయమ్మ దినాల్లో మాత్రం దిగిందేముందో అడుగు. రెండు వందల అరవై. అదీ ఎర్ర సున్నానే. నాది దొంగతనమైతే ఆమెది చేతకానితనం."

ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఆసుపత్రి తిండి ఆసుపత్రి చెప్పినట్టే పెట్టినా నా అంకెలు రెండు వందల కిందికి రాలేదు. బస్సులో ఇంటికి పోతూ తాడిపత్రి దాకా అదే ఆలోచించాను. తిండి వల్ల పెరిగేది తిండి తగ్గిస్తే దిగుతుంది. అంతే కదా లెక్క?

మళ్ళీ నా వంతు రాగానే మొదలుపెట్టాను. మూడు చపాతీలు వస్తే ఒకటి పెట్టాను. పొద్దున ఉప్మా నాలుగు చెంచాలు. మధ్యాహ్నం అన్నం సగం. మిగిలింది వార్డు వెనక తొట్టిలో వేసేదాన్ని. మా ఆయన నెమ్మదస్తుడు. ఇరవై మూడేళ్ళ కాపురంలో నన్ను ఒక్క మాట అని ఎరగడు.

"ఆకలైతాంది ఇంద్రాణీ," అన్నాడు రెండో పూట.

"ఓర్చుకో. కాలు కోసమే," అన్నాను.

ఓర్చుకున్నాడు. నేనేది చెప్తే అది వినే మనిషి.

సమీనా వచ్చి, "తిన్నాడా అక్కా? మూడూ తిన్నాడా?" అని అడిగేది.

"తిన్నాడు. తిన్నాడనే రాసుకో."

రాసుకునేది. ఆ వార్డులో ముప్పై మంది రోగులు, నర్సులు ఇద్దరు. ఎవరి పళ్ళెం చూస్తుంది పాపం?

నా అంకెలు 171, 163, 158. సున్నాలు లేవు. నీలం పెన్నుతో చక్కగా, ముత్యాల్లా ఉన్నాయి. సాయంత్రం పాసు ఈరన్నకు ఇస్తూ, "రెండు వందల లోపల అన్నీ, ఆమెకు చెప్పు," అన్నాను. వదినె నా వైపు చూడకుండా లోపలికి పోయింది.

ఆమె రెండు రోజుల్లో 360, 377, 341 వచ్చాయి. నేను ఒట్టి కడుపుతో అప్పజెప్పిన మనిషిని చూసి ఆమె రెండింతలు పెట్టిందని నాకు అప్పుడు తట్టలేదు. మనిషి పీనుగలా అయిపోయినాడని వార్డులో అందరితో అని, కొంగులో దాచిన ఉండలు దుప్పటి కింద తినిపించిందట. నేను పస్తు పెట్టే కొద్దీ ఆమె కుక్కింది. ఆమె కుక్కే కొద్దీ నేను పస్తు పెట్టాను. మధ్యలో మా ఆయన ఇద్దరికీ నోరు తెరిచాడు, ఇద్దరికీ నోరు మూసుకున్నాడు.

పన్నెండో రోజు సాయంత్రం నా వంతు మొదలయ్యేసరికి దివాకర్ సారు చార్టు చేతిలో పట్టుకుని మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. మూడు వందల నలభై, నూట అరవై, మళ్ళీ మూడు వందల డెబ్బై. ఆయనకు అంతుపట్టలేదు. తిండి గురించి సమీనా రాసింది చూస్తే అన్ని పూటలా పూర్తిగా తిన్నట్టే ఉంది.

"మందే చాలడంలేదు," అన్నాడు. "పొద్దుటి సూది ఇరవై నుంచి ముప్పై రెండుకు పెంచండి. రేపు పదకొండుకు మళ్ళీ చూస్తా. రెండు వందల లోపల ఉంటే మధ్యాహ్నమే వేలు తీసేద్దాం. కాలు వరకే మత్తు ఇస్తాం, పస్తు అక్కర్లేదు. ఏమమ్మా, సూది వేసినాక టిఫిను తప్పకుండా పెట్టాల. మరిచిపోవద్దు."

"సరే సార్," అన్నాను.

ముప్పై రెండు అని విన్నాను. పస్తు వద్దని కూడా విన్నాను. కానీ నా చెవిలో మోగింది పదకొండు గంటలకు అన్న మాట ఒక్కటే. పదకొండుకు రెండు వందల లోపల. అది నా వంతులో జరగాలి, నా చేతి మీదుగా జరగాలి, ఆమె చూడాలి.

పొద్దున ఏడున్నరకు సమీనా వేలు పొడిచింది. 176. సూది వేసింది. కాసేపటికి ఉప్మా వచ్చింది. ఇప్పుడు ఇది తింటే పదకొండుకు రెండు వందలు దాటుతుందని నా లెక్క. పళ్ళెం తీసుకుపోయి మొత్తం తొట్టిలో వేశాను. ఒక్క చెంచా కూడా పెట్టలేదు.

"తిన్నాడా అక్కా?"

"తిన్నాడు."

తొమ్మిదిన్నర దాటాక మా ఆయన అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. దుప్పటి లాగి పారేశాడు. నేను కప్పబోతే చెయ్యి విదిలించి కొట్టాడు.

"యాడికి పోయినావే? యాడ తిరుగుతాండావు?"

"ఈడనే ఉండాను కదా. ఏమైంది?"

"కూడు పెట్టు! నాకు కూడు పెట్టవే దొంగముండా!"

నేను బిక్కచచ్చిపోయాను. ఆ మాట ఆయన నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. పక్క మంచాల వాళ్ళందరూ తిరిగి చూశారు. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు.

"నీ అంగన్‌వాడీ బిడ్డల మాదిరి నన్నూ కాగితం మీద తినిపిస్తాండావా? పుస్తకంలో రాస్తే కడుపు నిండుతాదా? రాసుకో, తిన్నాడని రాసుకో!"

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆయన ముఖం తడిసి ఉందని చూశాను. చేతులు వణుకుతున్నాయని కూడా చూశాను. కోపం వల్లనే అనుకున్నాను. ఇవన్నీ ఆ బయమ్మ నూరిపోసిన మాటలే అనుకున్నాను. రెండేసి రోజులు పక్కన కూర్చుని ఆమె ఈయన చెవిలో ఇంత విషం పోసిందా అనుకున్నాను. డాక్టరును పిలవాల్సిన మనిషిని, మంచం పక్కన నిలబడి పోట్లాడాను.

"ఎవురు నేర్పించినారు నీకీ మాటలు? మీ అక్కనా? నీ కాలు కోసం నిద్రాహారాలు మాని నేను చస్తాంటే నన్ను దొంగముండ అంటావా? నీ అక్క బెల్లం తిని కాలు పోగొట్టుకో, పో!"

ఆయన నా కొంగు పట్టి లాగాడు. నేను విడిపించుకున్నాను. ఆయన తిట్టాడు. నేనూ తిట్టాను. ఎంతసేపో చెప్పలేను, పావుగంట ఉంటుంది. ఆ పావుగంట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆపరేషను రోజని ముందు సాయంత్రమే ఈరన్న చేత చెప్పించాను కాబట్టి వదినె పొద్దుటి బస్సుకే వచ్చేసింది. పాసు లేకపోయినా ఈరన్నను నెట్టుకుని లోపలికి వచ్చింది. మా కేకలు గేటు దాకా వినపడ్డాయట. నన్ను పక్కకు తోసి తమ్ముడి మెడ కింద చెయ్యి పెట్టింది. చెయ్యి తీసి చూసుకుంది. తడిగా ఉంది.

"ఎప్పుడు తిన్నాడే వీడు?" పదహారేళ్ళలో నా ముఖం చూసి ఆమె నేరుగా అడిగిన మొదటి మాట అనుకుంటాను.

"పొద్దున. ఉప్మా తిన్నాడు."

"అబద్ధం. వీడు ఆకలితో ఉండాడు. కరువు సంవత్సరం గంజి కేంద్రం కాడ వీన్ని చంకన ఎత్తుకుని నిలబడినదాన్ని నేను. ఆకలైతే వీనికి మెడ కింద ఇట్లనే చెమట పట్టేది, ఇట్లనే తిట్టేవాడు. నాకు తెలీదా?"

కొంగు ముడి విప్పింది. ఉండ. పదకొండింటి పరీక్షకు గంట ముందు, నా కళ్ళ ముందు, ఉండ! నేను ఆమె చేతి మీద కొట్టాను. అది కింద పడి మంచం కిందికి దొర్లింది. ఆమె ఇంకోటి తీసి ఆయన నోట్లో పెట్టింది. ఆయన ఆబగా నమిలాడు. నేను ఆమె జుట్టు పట్టుకున్నాను. అవును, వార్డులో అందరూ చూస్తుండగా, యాభై ఎనిమిదేళ్ళ మనిషి జుట్టు పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె నా చెయ్యి కొరికింది.

అప్పుడు ఆయన నమలడం ఆపాడు. కళ్ళు తేలేశాడు. తల పక్కకు వాలిపోయింది.

సమీనా పరిగెత్తుకుని వచ్చింది. మా ఇద్దరినీ చెరో వైపు తోసింది. వేలితో ఆయన నోట్లో మిగిలిన ముద్దను గీకి బయటికి తీసేసింది.

"తెలివి తప్పిన మనిషికి నోట్లో పెడతారా? గొంతుకు అడ్డం పడి చస్తాడు!" అని వదినె మీద అరిచింది. వేలు పొడిచింది. మిషను వైపు చూసి, ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

39.

చేతి నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. ఐదు నిమిషాలకు మా ఆయన కళ్ళు తెరిచి, "ఏమైంది? అందరూ ఎందుకు నిలబడినారు?" అని అడిగాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. ఆయనకేమీ గుర్తులేదు.

దివాకర్ సారు వచ్చాడు. వచ్చీ రాగానే సమీనా మీద పడ్డాడు.

"ముప్పై రెండంటే ఎంత లాగినావు సిరంజిలోకి? చూపించు. మనిషిని చంపుతారా మీరు?"

"కరెక్టుగానే లాగినా సార్. రెండు సార్లు చూసుకున్న్యా." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "టిఫిను తిన్నాడని కూడా రాసినా."

ఆయన నా వైపు తిరిగాడు. "తిన్నాడామ్మా?"

వదినె నన్నే చూస్తోంది. నా చెయ్యి మీద ఆమె పళ్ళ గుర్తు మండుతోంది.

"తిన్నాడు సార్," అన్నాను.

అంత జరిగాక కూడా ఆ మాట అంత తేలిగ్గా నోటికొచ్చింది. ఇరవై ఏళ్ళు రాసిన చెయ్యి కదా.

"అయితే మందే ఎక్కువైంది," అన్నాడు డాక్టరు. చార్టు తీసి గీత కొట్టాడు. "సగానికి తగ్గించండి, పదహారు. ఈ రోజు ఆపరేషను లేదు. సోమవారం చూద్దాం. అప్పటికి పాదం ఏమంటాదో." సమీనాతో, "నీ సంగతి సూపరింటెండెంటు కాడ మాట్లాడతా," అన్నాడు.

పదహారు. రేపు సాయంత్రం నుంచి ఈ బయమ్మ వంతు. పదహారు సూదికి ఆమె ఉండలు తోడైతే ఎల్లుండికి నాలుగు వందలు. సోమవారానికి చీము యాడ ఉంటుంది? ఆ వార్డులో అందరిలో రెండు వైపులా తెలిసింది నాకొక్కదానికే. నా రోజుల్లో ఆయన తినలేదని నాకు తెలుసు. ఆమె రోజుల్లో ఎక్కువ తిన్నాడనీ తెలుసు. డాక్టరుకు తెలియదు. నేను నోరు విప్పకపోతే ఆ అబద్ధపు అంకెల మీదే మా ఆయన కాలు కోస్తారు. విప్పితే ఈమె ముందు నా బతుకంతా తల వంచుకుని ఉండాలి. ఇందులో ఆలోచించడానికేముందని మీరంటారు. నేను ఆలోచించాను. డాక్టరు పక్క మంచం దాకా పోయేవరకూ ఆలోచించాను.

"సార్," అన్నాను. "తినలేదు."

ఆయన వెనక్కి తిరిగాడు.

"పొద్దున ఏమీ పెట్టలేదు. పారేసినా. పోయిన వంతు నుంచీ సగమే పెడతాండా. అంకె దిగాలని. ఈ అమ్మాయి తప్పేం లేదు, నేనే తిన్నాడనే రాసుకోమని చెప్పినా."

 వదినె చేతులు చరిచింది.

"ఇన్నారా? నోటి కూడు లాక్కుని చంపుతాండాది సార్, నా తమ్మున్ని. నేనేమో పెట్టి బతికించినా, ఇదేమో..."

"నువ్వేం పెట్టినావవ్వా?" అన్నాడు డాక్టరు.

 కొంగు ముడి ఇంకా విప్పే ఉంది. అందులో ఇంకా రెండు ఉండలు ఉన్నాయి. మంచం కింద పడిన ఉండకు అప్పుడే చీమలు పట్టాయి.

"దినానికి ఎన్ని?"

"నాలుగో, ఐదో," అంది. ఎంకన్న సాక్ష్యం ఆ రోజుతో తీరిపోయింది.

దివాకర్ సారు చార్టును అట్ట నుంచి ఊడబీకి రెండుగా చించాడు.

"పదమూడు దినాలు నేను ఈయన సుగరుకు మందియ్యలేదు. మీ ఇద్దరి పంతానికి ఇచ్చినా," అన్నాడు. "సమీనా, కొత్త కాగితం పెట్టు. ఈ పొద్దుటి నుంచి ఒకటో దినం. ఇద్దరికీ పాసులియ్యి. ఇద్దరూ ఈడనే ఉండాల, మంచానికి చెరో పక్కన. మీకు ఒకరంటే ఒకరికి నమ్మకం లేదు కదా? అదే నాకు కావాల్సింది. ఆమె ఎక్కువ పెడితే నువ్వు చెప్పు, ఈమె తక్కువ పెడితే నువ్వు చెప్పు."

పోతూ పోతూ సమీనా దగ్గర ఆగి, "సారీ," అన్నాడు. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు మాత్రం సారీతో పోయేది కాదు.

నాలుగు రోజులు నేనొక పక్క, ఆమె ఒక పక్క. పళ్ళెం వచ్చిందంటే నాలుగు కళ్ళు దాని మీదే. ఆమె చెయ్యి కొంగు వైపు పోతే నేను దగ్గేదాన్ని. నేను పళ్ళెం ఎత్తితే, ఖాళీ అయిందో లేదో ఆమె మెడ చాచి చూసేది. సమీనా ఇప్పుడు ఒకరి మాట మీద రాసేది కాదు. ఇద్దరినీ విడివిడిగా అడిగి, పళ్ళెం కళ్ళారా చూసి రాసుకునేది. సూది ఇరవై నాలుగు దగ్గర కుదిరింది. అంకెలు 248, 226, 203, 187. ఏ మాయా లేకుండా దిగాయి. పుండు మీద పప్పు కూడా తిన్నాడు.

సోమవారం ఆపరేషను చేశారు. ఒక వేలు కాదు. మూడు వేళ్ళు, వాటి కింద అరికాలు కండ కూడా తీశారు. చీము ఆగదు కదా మా కోసం.

"ఆ పొద్దు గురువారమే చేసింటే ఒక వేలు," అన్నాడు దివాకర్ సారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మడమ ఉంది కాబట్టి కర్ర సాయంతో నడుస్తాడని చెప్పాడు. గట్ల మీద నడుస్తాడా అని నేను అడగలేదు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా పాపానికి ఇద్దరమే వాటాదారులం. పంచుకుంటే తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు.

ఆపరేషను అయిన మూడో రోజు రాత్రి మా ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కట్టు కట్టిన కాలు వైపు చూడకుండా పైన ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఆసుపత్రి చపాతీల డబ్బా నా చేతిలో ఉంది.

"ఆ పొద్దు నేను నిన్నేమన్నా అంటినా ఇంద్రాణీ? పక్క మంచమాయన నవ్వుతాండాడు."

వదినె నా వైపు చూసింది. చెప్తావా అన్నట్టు.

"కూడు పెట్టమన్నావు," అన్నాను.

"పెట్టినావా?"

ఎన్నిసార్లు ఆ మాట అనలేదు నేను? తిన్నాడు, తిన్నారు, అందరూ తిన్నారు. ఇప్పుడు కూడా పెట్టినానని చెప్పొచ్చు, ఆయనకు గుర్తులేదు. ఎదురుగా కూర్చున్న మనిషికే గుర్తుంది.

"లేదు. పెట్టలేదు," అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

 ఆయన డబ్బా నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మంచం అటు వైపు జరిపాడు.

"నువ్వు పెట్టక్కా," అన్నాడు.

వదినె డబ్బా మూత తీసింది. అందులో మా ఇద్దరివీ కలిపి ఐదు చపాతీలున్నాయి. గెలిచిన మనిషి ముఖం చూద్దామని తలెత్తాను. ఆమె ముఖంలో గెలుపేమీ లేదు. తమ్ముడి కాలి కట్టు వైపు చూసి, నా వైపు తిరిగింది.

"ఎన్ని పెట్టాల?" అని అడిగింది.

"మూడు," అన్నాను.

ఆమె మూడు పెట్టింది. నేను లెక్కపెట్టుకున్నాను.